సొంత కొవ్వుతో మోకాలి చికిత్స: మూడు రూపాలు, వాటికి పోటీగా ఉన్న ఇతర మార్గాలు

మోకాలి అరుగుదలకు వైద్యం వెతుక్కునే కుటుంబాలు ఈ మధ్య ఒక కొత్త ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాయి. ఒక డాక్టరుగారు ఎక్స్‌రే చూసి "గుజ్జు అరిగిపోయింది, మందులతో ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చినా చివరికి మార్పిడి తప్పదు" అంటారు. మరో కేంద్రంలో "మీ పొట్ట కొవ్వులోనే మూలకణాలున్నాయి, వాటిని తీసి మోకాలిలోకి ఎక్కిస్తే ఆపరేషన్ అవసరమే రాదు" అంటారు. మొదటి మాట భయపెడుతుంది, రెండోది ఊరిస్తుంది. భయంతో గానీ ఆశతో గానీ కాకుండా, దేన్ని దేనితో పోల్చాలో తెలుసుకుని నిర్ణయించుకోవాలనుకునే వారి కోసం ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సొంత కొవ్వు ఇంజెక్షన్ కొందరికి కొంతకాలం నొప్పి తగ్గించగల చికిత్సే. అయితే అరిగిన గుజ్జును తిరిగి పెంచుతుందని చెప్పడానికి ఇప్పటివరకు జరిగిన మంచి పరీక్షల్లో ఆధారం దొరకలేదు. తక్కువ ఖర్చుతో అయ్యే చికిత్సలతో నేరుగా పోటీ పెట్టినప్పుడు, ఖర్చుకు తగినంత ఆధిక్యం కూడా అది చూపించలేదు.

## ఏయే కొలతలతో పోల్చాలి

మొదటి కొలత అరుగుదల ఏ దశలో ఉందన్నది. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు రూపొందించిన 0 నుంచి 4 వరకు గ్రేడ్ల పద్ధతినే నేటికీ ఎక్కువగా వాడుతున్నారు. 2వ గ్రేడ్‌లో ఎముక అంచుల వెంట చిన్న మొలకలు స్పష్టంగా కనిపిస్తాయి, 3వ గ్రేడ్‌లో కీలు మధ్య ఖాళీ తగ్గడం తెలుస్తుంది, 4వ గ్రేడ్‌లో ఆ ఖాళీ దాదాపు మూసుకుపోయి ఎముక ఆకారమే మారిపోతుంది. ఇక్కడ ఒక చిన్న విషయం పెద్ద తేడా తెస్తుంది: ఎక్స్‌రే నిలబడి తీయించుకోవాలి. పడుకుని తీస్తే ఒంటి బరువు కీలు మీద పడదు కాబట్టి, నిజానికి మూసుకుపోయిన ఖాళీ కూడా కాస్త తెరిచి ఉన్నట్టే కనిపిస్తుంది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే చూసి "మీది రెండో గ్రేడే, కొవ్వు చికిత్స బాగా పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే, ఆ మాట మీద డబ్బు కట్టకండి.

రెండో కొలత చికిత్స ఫలితాన్ని దేనితో పోల్చి చెబుతున్నారన్నది. మోకాలిలోకి ఉత్త సెలైన్ ఎక్కించినా చాలామందికి నొప్పి గమనించదగినంతగా తగ్గుతుంది. సూది పడిందన్న నమ్మకం, మోకాలి నొప్పి సహజంగానే పెరుగుతూ తగ్గుతూ ఉండడం, నొప్పి బాగా ఎక్కువైన రోజుల్లోనే వైద్యం మొదలుపెట్టడం, ఇవన్నీ కలిసి ఆ ఫలితాన్నిస్తాయి. అందుకని "మా దగ్గర చేయించుకున్నవారిలో ఇంతమందికి తగ్గింది" అన్న లెక్క ఎంత గొప్పగా ఉన్నా అది చాలదు. సెలైన్ తీసుకున్నవారికి, స్టెరాయిడ్ తీసుకున్నవారికి ఎంత తగ్గిందో పక్కనే చూపించాలి.

మూడోది లక్ష్యం. నొప్పి తగ్గడం వేరు, గుజ్జు పెరగడం వేరు. నాలుగోది చట్టం: ఆ చికిత్సను ఇవ్వడానికి దేశంలో అనుమతి ఉందా అన్నది. ఐదోది ఖర్చు. ఖర్చంటే ఇవాళ కట్టే డబ్బొక్కటే కాదు, ఈ చికిత్స మీద నమ్మకంతో వాయిదా వేసిన వ్యాయామం, బరువు తగ్గడం, అవసరమైన ఆపరేషన్ కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

## కొవ్వు మోకాలిలో ఏం చేస్తుంది

2001లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌కు చెందిన ప్యాట్రీషియా జుక్, ఆమె సహ పరిశోధకులు, లైపోసక్షన్‌లో తీసి పారేసే కొవ్వులో ఎముక, మృదులాస్థి (మనం గుజ్జు అనేది ఇదే), కండరం, కొవ్వు కణాలుగా మారగల కణాలు, అంటే మూలకణాలు, ఉన్నాయని ప్రయోగశాలలో చూపించారు. అంతకుముందు అలాంటి కణాల కోసం ఎముక మజ్జలోకి సూది దించవలసి వచ్చేది. కొవ్వు తీయడం అంతకంటే తేలిక, అందులో ఈ కణాల వంతు కూడా మజ్జలో కంటే ఎక్కువ. ఈ చికిత్స మీద ఆశలు చిగురించింది అక్కడినుంచే.

అయితే గాజు పాత్రలో తగిన రసాయనాలు కలిపినప్పుడు మృదులాస్థిగా మారిన కణం, వాచి అరిగిన మోకాలిలో పడ్డాక కూడా అలాగే మారుతుందనుకోవడం పొరపాటు. కీలులోకి చేరిన కణాల్లో ఎక్కువ భాగం కొద్దికాలంలోనే కనుమరుగవుతాయి. అవి ఉన్నంతసేపు విడుదల చేసే రసాయనాలు కీలు లోపలి పొరలోని వాపును తగ్గిస్తాయన్నదే ఈనాడు ఎక్కువమంది శాస్త్రజ్ఞులు ఒప్పుకునే వివరణ. ఈ కణాలకు 1991లో మీసెన్‌కైమల్ స్టెమ్ సెల్స్ అని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లానే, 2017లో ఆ పేరు రోగులను తప్పుదారి పట్టిస్తోందని, దాన్ని మార్చాలని రాశారు. దీన్నిబట్టి చూస్తే కొవ్వు ఇంజెక్షన్‌ను "గుజ్జు విత్తనం"గా కాక వాపు తగ్గించే ఇంజెక్షన్‌గా చూడడమే న్యాయం. అలా చూసిన మరుక్షణం, వాపు తగ్గించే తక్కిన ఇంజెక్షన్లతో పోలిక తప్పనిసరవుతుంది.

## ఒకే పేరుతో నడుస్తున్న మూడు వేర్వేరు చికిత్సలు

"కొవ్వు చికిత్స" అని చెప్పినప్పుడు ముందుగా అడగవలసింది, మూడింటిలో ఏది ఇస్తున్నారని.

| రూపం | తయారీ | ఎన్నిసార్లు వెళ్లాలి | ముఖ్యమైన పరీక్షల సారం |
|---|---|---|---|
| సూక్ష్మంగా ముక్కలు చేసిన కొవ్వు | ఎంజైమ్ లేకుండా కడిగి, జల్లించి, ముక్కలు చేయడం | ఒకే రోజు | పీఆర్‌పీ (సొంత రక్తంలోని ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్)తో పోలిస్తే మొత్తం మీద ఆధిక్యం కనిపించలేదు |
| ఎస్‌వీఎఫ్ (స్ట్రోమల్ వాస్క్యులర్ ఫ్రాక్షన్) | కొల్లాజినేజ్ ఎంజైమ్‌తో కొవ్వును కరిగించి కణాలను వేరుచేయడం | సాధారణంగా ఒకే రోజు | ఒక చిన్న పరీక్షలో మంచి ఫలితం, పెద్ద పరీక్షలో స్టెరాయిడ్‌కు మించలేదు |
| సాగు చేసిన కొవ్వు మూలకణాలు | ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచడం | కనీసం రెండుసార్లు | సెలైన్ కంటే నొప్పి తగ్గింది, గుజ్జులో స్పష్టమైన తేడా లేదు |

మొదటి రూపం ఇటలీలో రూపుదిద్దుకున్న లిపోజెమ్స్ వంటి పరికరాలతో ప్రపంచమంతా పాకింది. గదిలో జరిగేది ఇలా ఉంటుంది. నాభి దగ్గర చిన్న గాటు పెట్టి, మొద్దుబార్చే లిడోకైన్, అడ్రినలిన్ కలిపిన సెలైన్‌ను చర్మం కింద నింపుతారు. ఆ చోటు బిగిసి, రక్తనాళాలు ముడుచుకుని తెల్లబారేదాకా ఆగుతారు. ఆ తర్వాత మొద్దు కొన ఉన్న సన్నని గొట్టాన్ని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ సిరంజితో కొవ్వును లాగుతారు. ఆ సిరంజిని కాసేపు నిలబెట్టి ఉంచితే అడుగున ఎర్రటి నీరు, మధ్యలో పసుపు ముద్ద, పైన కరిగిన నూనె పొర విడివిడిగా తేలతాయి. ఆ పసుపు ముద్దను సెలైన్ నిండిన మూసిన గొట్టంలోకి పంపి, అందులోని ఉక్కు గోళీలతో కుదిపి, నూనెను, రక్తాన్ని కడిగేసి, మిగిలిన సన్నని ముక్కలను అల్ట్రాసౌండ్ చూస్తూ కీలులోకి ఎక్కిస్తారు. ఇదే కుటుంబానికి చెందిన నానోఫ్యాట్ అనే మరింత సన్నని రూపాన్ని బెల్జియంకు చెందిన ప్లాస్టిక్ సర్జన్ ప్యాట్రిక్ టొనార్డ్ బృందం 2013లో పరిచయం చేసింది. దాని పుట్టుక ముఖ చర్మ చికిత్సల కోసమే తప్ప మోకాళ్ల కోసం కాదు.

ఈ రూపాన్ని ఇటలీలోని బొలోన్యాలో 118 మంది మీద పీఆర్‌పీతో, అంటే రోగి రక్తంలోని ప్లేట్‌లెట్లను చిక్కబరిచి ఇచ్చే ఇంజెక్షన్‌తో పోటీ పెట్టారు. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం రెండు వర్గాల్లోనూ నొప్పి తగ్గింది, రెండేళ్లదాకా చూసినా మొత్తం మీద ఒకటి మరొకదాన్ని మించలేదు. అరుగుదల ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం 6 నెలల దగ్గర కొవ్వు వర్గంవైపు కొంత మొగ్గు కనిపించింది. ఈ చిన్న మొగ్గును పట్టుకుని పెద్ద మాటలు చెప్పేవారున్నారు. కానీ పీఆర్‌పీకి చేతి నుంచి రక్తం తీస్తే చాలు, దీనికి లైపోసక్షన్ కావాలి. ఆ తేడా కూడా తూకంలో వేయాలి.

రెండో రూపం ఎస్‌వీఎఫ్. ఇక్కడ తీసిన కొవ్వుకు కొల్లాజినేజ్ ఎంజైమ్ కలిపి ఒంటి వేడికి సమానమైన వేడిలో ఉంచి, గిర్రున తిప్పే యంత్రంలో వేస్తారు. నూనె నిండిన కొవ్వు కణాలు పైకి తేలతాయి, కావలసిన కణాల మిశ్రమం అడుగున చిన్న ఎర్రటి ముద్దగా దిగుతుంది. 2020లో అమెరికాలో 39 మంది మీద జరిగిన పరీక్షలో సెలైన్‌తో పోలిస్తే దీని ఫలితం మెరుగ్గా ఉంది, ఎక్కువ మోతాదు తీసుకున్నవారికి ఎక్కువ మేలు కనిపించింది. ఈ పరీక్షను నేను తీసిపారేయను, పద్ధతిగా చేసినదే. కానీ 2023 నవంబరులో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన, అమెరికాలోనే 475 మంది ఫలితాలను పరిశీలించిన పెద్ద పరీక్ష ఈ అంచనాను మార్చింది. అందులో ఎస్‌వీఎఫ్‌ను, ఎముక మజ్జ నుంచి తీసి చిక్కబరిచిన ద్రవాన్ని, బొడ్డుతాడు కణాలను విడివిడిగా మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు. ఏడాది తర్వాత అన్ని వర్గాల్లోనూ నొప్పి తగ్గింది, మూడింటిలో ఏదీ స్టెరాయిడ్‌ను మించలేదు, ఎంఆర్‌ఐలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందులో సెలైన్ వర్గం లేదు కాబట్టి ఆ మేలులో ఎంత మందుది, ఎంత నమ్మకానిదో విడదీయలేం. అయినా ఎన్నో రెట్లు ఖరీదైన చికిత్స, చవకైన ఇంజెక్షన్ ముందు తన ఆధిక్యాన్ని నిరూపించుకోలేకపోయిందన్న సంగతిని మాత్రం ఏ రోగికీ దాచకూడదు.

మూడో రూపం సాగు చేసిన కణాలు. ఈ దారిలో అందరికంటే ముందున్నది దక్షిణ కొరియా. 2014లో అక్కడి పరిశోధకులు 18 మంది మీద చేసిన తొలి పరీక్షలో 10 కోట్ల కణాల మోతాదు మెరుగ్గా పనిచేసింది. 2023లో ప్రచురితమైన మూడో దశ పరీక్షలో 3వ గ్రేడ్ అరుగుదల ఉన్న 261 మందిని తీసుకుని సగం మందికి కణాలు, సగం మందికి సెలైన్ ఇచ్చారు. 6 నెలల దగ్గర కణాలు తీసుకున్నవారికి నొప్పి ఎక్కువగా తగ్గింది, నడక మెరుగుపడింది. మూడు రూపాల్లోనూ సెలైన్‌తో నిజాయితీగా తలపడి నెగ్గిన బలమైన ఫలితం ఇదే. అయినా ఎంఆర్‌ఐలో గుజ్జు విషయంలో రెండు వర్గాల మధ్య స్పష్టమైన తేడా రాలేదు. రోగికి కలిగే మేలు చాలినంతగా లేదన్న కారణంతో కొరియా ఔషధ నియంత్రణ సంస్థ అదే 2023లో దీనికి అనుమతి నిరాకరించింది. జపాన్ దారి వేరు. 2014లో అమల్లోకి వచ్చిన పునరుత్పత్తి వైద్య భద్రతా చట్టం కింద, గుర్తింపు పొందిన కమిటీ పరిశీలించిన ప్రణాళిక ఉంటే క్లినిక్కులు ఇలాంటి చికిత్సను డబ్బు తీసుకుని ఇవ్వవచ్చు. అక్కడ ఇస్తున్నారు కాబట్టి అది నిరూపితమైనదని కొందరు చేసే ప్రచారాన్ని ఈ నేపథ్యంలోనే చదవాలి.

## చట్టం ఏమంటుంది

మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు మూలకణాల నుంచి తయారై మందుగా వాడే ఉత్పత్తిని కొత్త మందుగా లెక్కిస్తాయి, అంటే అనుమతి తప్పనిసరి. అంతకుముందే 2017లో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి ఇచ్చిన జాతీయ మార్గదర్శకాలు, రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి వంటి ఆమోదిత వాడకాలు తప్పించి, తక్కిన వాటిని అనుమతి పొందిన ట్రయల్‌లోనే ఇవ్వాలని స్పష్టంగా చెప్పాయి. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర పరీక్షిస్తున్న మందుకు డబ్బు తీసుకోకూడదు. కాబట్టి "ఇది ట్రయల్, ప్యాకేజీ ఇంత" అని ఎవరైనా ఒకే వాక్యంలో చెబితే అందులో ఏదో ఒకటి నిజం కాదు. ట్రయల్ అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఉంటుంది, దాన్ని ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు.

అనుమతి పొందిన ఉత్పత్తి ఒకటి ఉంది, దాన్ని కొవ్వు చికిత్సతో కలిపి గందరగోళపడవద్దు. బెంగళూరుకు చెందిన స్టెంప్యూటిక్స్ తయారుచేసిన స్టెంప్యూసెల్‌కు 2022లో 2, 3 గ్రేడ్ల మోకాలి అరుగుదలకు వాడేందుకు భారత ఔషధ నియంత్రణ అధికారి అనుమతి లభించింది. అది రోగి సొంత కొవ్వు కాదు, దాతల ఎముక మజ్జ నుంచి తీసి పెంచిన కణాలు. 146 మంది మీద జరిగిన మూడో దశ పరీక్షలో ఒక డోసు తర్వాత ఏడాది పాటు నొప్పి, కదలిక విషయంలో సెలైన్ కంటే మేలు కనిపించింది. నేనైతే, కణ చికిత్సే కావాలని పట్టుబట్టే 2 లేదా 3వ గ్రేడ్ రోగి అనుమతి లేని ఎస్‌వీఎఫ్‌ను పక్కనపెట్టి ముందుగా దీని గురించి డాక్టరును అడగాలంటాను. కారణం ఫలితం అద్భుతమని కాదు. ఏం ఎక్కిస్తున్నారో, ఎన్ని కణాలో, తయారీలో నాణ్యత ఎవరు చూస్తారో లెక్క ఉంటుంది.

అమెరికాలో ఉంటున్న మన వాళ్లు అమ్మానాన్నలను అక్కడికి రప్పించి చేయిద్దామా అని అడుగుతుంటారు. అక్కడ లిపోజెమ్స్ వంటి పరికరాలకు ఉన్నది కొవ్వును శుద్ధిచేసే పరికరంగా అనుమతి, మోకాలి అరుగుదలకు నిరూపిత వైద్యంగా కాదు. ఎస్‌వీఎఫ్ విషయంలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకూ క్లినిక్కులకూ ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిచి, 2024 సెప్టెంబరులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఎఫ్‌డీఏ పక్షాన తీర్పునిస్తూ అది మందు కిందికే వస్తుందని తేల్చింది. "మన ఒంట్లోదే కదా, హాని ఏముంటుంది" అన్న వాదన సరిపోదని చెప్పే ఘటన కూడా అక్కడిదే. 2015లో ఫ్లోరిడాలో ముగ్గురు వృద్ధ మహిళలకు సొంత కొవ్వు కణాలను కళ్లలోకి ఎక్కిస్తే వారి చూపు పోయింది. మోకాలి పరీక్షల్లో ఇలాంటి తీవ్రమైన హాని అరుదే, నిజమే. కానీ కొవ్వు తీసిన చోట కమిలిన మచ్చలు, నొప్పి, మోకాలిలో కొన్ని రోజుల వాపు మామూలే. ఇన్‌ఫెక్షన్ ప్రమాదం చిన్నదైనా ఉంటుంది.

## పక్కన నిలబడే ఇతర ఇంజెక్షన్లు

స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేగంగా పనిచేస్తుంది, ఎక్కువగా కొన్ని వారాలపాటే నిలుస్తుంది. 2017లో వచ్చిన ఒక అమెరికా పరీక్షలో రెండేళ్లపాటు ప్రతి 12 వారాలకూ స్టెరాయిడ్ తీసుకున్నవారికి సెలైన్ తీసుకున్నవారికంటే గుజ్జు కొంచెం ఎక్కువగా అరిగింది, నొప్పిలో మాత్రం తేడా లేదు. కాబట్టి నొప్పి ముదిరిన రోజుల్లో ఎప్పుడో ఒకటి సరే గానీ, అలవాటుగా తీసుకోవద్దు. మధుమేహం ఉన్నవారికి కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పకుండా ఇంజెక్షన్ ఇవ్వడం, మన ఇళ్లలో మధుమేహం ఇంత ఉన్నప్పుడు, నిర్లక్ష్యమే.

హయలురోనిక్ యాసిడ్, జనం నోట "జెల్ ఇంజెక్షన్": సగటున దీని మేలు చాలా చిన్నది.

పీఆర్‌పీ గురించి ఆస్ట్రేలియాలో 288 మంది మీద జరిగి 2021లో వెలువడిన పరీక్ష, ఏడాది తర్వాత నొప్పిలోనూ గుజ్జులోనూ సెలైన్‌తో పోలిస్తే తేడా లేదని తేల్చింది. ఇతర పరీక్షల్లో మేలు కనిపించినవీ ఉన్నాయి, తయారీ పద్ధతులు వేర్వేరు కావడం దీనికొక కారణం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు మోకాలి అరుగుదలకు పీఆర్‌పీని, మూలకణ ఇంజెక్షన్లను రెండింటినీ గట్టిగా వద్దన్నాయి. ఆ తర్వాత పరీక్షలు పెరిగాయి గనుక ఆ మాటలో కొంత సడలింపు రావచ్చేమో గానీ, కొవ్వును పీఆర్‌పీకి పైమెట్టుగా అమ్మడానికి ఆ పరీక్షలు వీలివ్వవు.

## ఇంజెక్షన్ కాని రెండు మార్గాలు

వ్యాయామం, బరువు తగ్గడం అనగానే రోగులు నిరాశపడతారు, "అది మాకు తెలియనిదా" అంటారు. తెలిసినంత మాత్రాన చేసినట్టు కాదు. ఒక్క కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల మేర తగ్గుతుందని 2005లో జరిగిన అధ్యయనం లెక్కగట్టింది. 2024లో వచ్చిన మరో పరీక్షలో ఊబకాయం, మోకాలి అరుగుదల రెండూ ఉన్న 407 మందిలో, వారానికొకసారి బరువు తగ్గించే మందు సెమాగ్లూటైడ్ తీసుకున్నవారి బరువు సగటున 13.7 శాతం తగ్గింది, నొప్పి స్కోరు 41.7 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి మందు వర్గంలో ఆ తగ్గుదల 27.5 పాయింట్లే. పొట్ట కొవ్వును సిరంజితో కొంత లాగి మోకాలిలో పెట్టడానికీ, ఆ కొవ్వునే ఒంటి మీదనుంచి దించడానికీ మధ్య ఎంచుకోమంటే, ఆధారాలు రెండోదాని వైపే నిలబడతాయి. తొడ ముందు కండరాన్ని బలపరిచే వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని కనీసం మూడు నెలలు విడవకుండా చేయనిదే, ఏ ఖరీదైన ఇంజెక్షన్‌కూ తొందరపడవద్దని నా గట్టి సలహా. నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం, భారత పద్ధతి మరుగుదొడ్డి వాడడం తగ్గించి కుర్చీకి, కమోడ్‌కు మారడం కూడా నొప్పి ఉన్నవారికి పైసా ఖర్చులేని చికిత్సే.

మార్పిడి శస్త్రచికిత్స విషయంలో భయం అవసరానికి మించి ఉంది. డెన్మార్క్‌లో జరిగి 2015లో వెలువడిన పరీక్షలో మార్పిడి చేయించుకున్నవారికి నొప్పి, కదలిక బాగా మెరుగుపడ్డాయి. ఆపరేషన్ లేకుండా వ్యాయామం, ఆహారం, మందులతో నడిచినవారూ కొంత మెరుగుపడ్డారు, వారిలో నాలుగో వంతు మంది ఏడాదిలోపు ఆపరేషన్‌కు మారారు. 2019 నాటి విశ్లేషణ ప్రకారం పూర్తి మార్పిడి చేసిన మోకాళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్లు నిలుస్తాయి. 2017 ఆగస్టులో కేంద్ర ఔషధ ధరల నియంత్రణ సంస్థ కోబాల్ట్ క్రోమియం మోకాలి ఇంప్లాంట్ ధరను, జీఎస్టీ కాక, 54,720 రూపాయలకు పరిమితం చేసింది. కాబట్టి కొవ్వు చికిత్సకు చెప్పిన మొత్తాన్ని ఆపరేషన్ మొత్తంతో పక్కపక్కన రాసుకుని చూడండి, తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లో మోకాలి మార్పిడి ఉంది. మీ కార్డు కింద వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని సహాయక డెస్క్ దగ్గర ముందే కనుక్కోవాలి.

## ఎవరికి ఏది

నలభై ఏళ్ల వయసులో, పాత గాయం వల్ల మోకాలు అరిగి, కాలు దొడ్డికాలుగా వంగుతున్నవారికి అసలు ప్రశ్న ఇంజెక్షన్ కాదు. బరువంతా లోపలి వైపే పడుతుంటే ఏ కణాలు పోసినా ఆ ఒత్తిడి మారదు. ఎముకను సరిచేసి బరువును పంచే ఆస్టియాటమీ శస్త్రచికిత్స గురించి కీళ్ల సర్జన్ అభిప్రాయం తీసుకోవడం ముందు జరగాలి.

యాభై దాటి, 2 లేదా 3వ గ్రేడ్‌లో ఉండి, బరువు అదుపులో ఉంచుకుని, మూడు నెలలు వ్యాయామం నిజంగా చేసి, అయినా నొప్పితో పనులు ఆగిపోతున్నవారే కొవ్వు చికిత్స గురించి ఆలోచించదగినవారు. వీరికి కూడా నేను చెప్పే వరుస ఇది: నొప్పి ముదిరినప్పుడు ఒకసారి స్టెరాయిడ్, కణ చికిత్స వైపే మొగ్గుంటే అనుమతి పొందిన ఉత్పత్తి, లేదా డబ్బు తీసుకోని నమోదైన ట్రయల్, సొంత కొవ్వే కావాలనుకుంటే ఎంజైమ్ లేని రూపం. అది కూడా, ఏడాదికి మించి మేలు నిలుస్తుందన్న హామీ లేదని తెలిసి, పోయినా ఇల్లు గుల్లకాని డబ్బుతో మాత్రమే. పొలం పనో, కూలి పనో చేసుకునే కుటుంబం అప్పు చేసి ఈ ఇంజెక్షన్ చేయించడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించలేను.

4వ గ్రేడ్‌లో ఎముకకు ఎముక తగులుతూ, రాత్రి నిద్ర కూడా పట్టని డెబ్బై ఏళ్ల అమ్మకు కొవ్వు చికిత్స చేయించడం చాలాసార్లు ఆపరేషన్‌ను తప్పించదు, వాయిదా మాత్రమే వేస్తుంది. ఆ వాయిదాలో కండరం ఇంకా సన్నబడుతుంది, మోకాలు ఇంకా వంగుతుంది. పైగా కీలులోకి ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే మార్పిడి చేస్తే ఇన్‌ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుందని సర్జన్లు సాధారణంగా మూడు నెలలు ఆగమంటారు. ఊబకాయం ఉన్నవారికి కొవ్వు కావలసినంత దొరుకుతుంది, మేలు మాత్రం బరువు తగ్గడం దగ్గరే ఎక్కువ. బాగా సన్నగా ఉన్నవారికి తీయడమే కష్టం. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గతంలో క్యాన్సర్ వచ్చినవారు, చర్మం మీద గానీ కీలులో గానీ ఇన్‌ఫెక్షన్ ఉన్నవారు తమ వైద్యుడితో విడిగా మాట్లాడకుండా ఈ దారిలో అడుగు పెట్టకూడదు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు కొవ్వు తీయించుకోవడం కోసం సొంతంగా మాత్రలు ఆపడం ప్రాణాంతకం కావచ్చు.

## సంతకం పెట్టే ముందు అడగవలసినవి

ఇచ్చేది ముక్కలు చేసిన కొవ్వా, ఎస్‌వీఎఫా, సాగు చేసిన కణాలా అన్నది బిల్లు మీద, సమ్మతి పత్రం మీద ఒకే మాటగా రాసి ఇవ్వమనండి. ఎంజైమ్ వాడుతున్నారా, వాడితే ఏ అనుమతి కింద అని అడగండి. కణాలను లెక్కపెడుతున్నారా, వాటిలో బతికున్నవి ఎన్నో నివేదిక ఇస్తారా అన్నది తర్వాతి ప్రశ్న. ముక్కలు చేసిన కొవ్వుకు ఈ లెక్క ఉండదు, అయినా "కోట్ల మూలకణాలు" అని చెబుతున్నారంటే ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో అడగాలి. ఇంజెక్షన్ అల్ట్రాసౌండ్ చూస్తూ ఇస్తారా, కొవ్వు తీసేది ఎవరు, ఆ గది ఆపరేషన్ థియేటరా మామూలు గదా, వాపు గానీ జ్వరం గానీ వస్తే రాత్రి పూట ఎవరికి ఫోన్ చేయాలి, రెండో మోకాలికి విడిగా ఎంత, ఫిజియోథెరపీ ప్యాకేజీలో ఉందా అన్నవి కూడా కాగితం మీద ఉండాలి. "గుజ్జు పెరిగింది" అని రుజువుగా ముందు, తర్వాత ఎక్స్‌రేలు చూపిస్తే, రెండూ ఒకే యంత్రం మీద, ఒకే కోణంలో, నిలబడి తీసినవేనా అని చూడండి. మోకాలిని కొద్దిగా వంచి తీసిన ఎక్స్‌రేలో ఖాళీ వెడల్పు మారుతుంది, ఆ మార్పుకు మూలకణాలతో పనిలేదు. ఈ ప్రశ్నలకు ఓపికగా బదులిచ్చే వైద్యుడు "మీకు ఇది అక్కర్లేదు" అని కూడా చెప్పగలడు. ఆ రోజే డబ్బు కడితే తగ్గింపు ఇస్తామనే చోట మాత్రం సమ్మతి పత్రాన్ని ఇంటికి తెచ్చుకుని, మరో కీళ్ల వైద్యుడికి చూపించాకే సంతకం పెట్టండి.